నవలలోంచి సినిమాకి ఏం రావాలి, ఏం రాకపోయినా పర్వాలేదు

డాక్టర్ పి. శ్రీదేవి రాసిన ‘కాలాతీత వ్యక్తులు’ తెలుగు స్వతంత్ర పత్రికలో సీరియల్‌గా వచ్చి 1958లో పుస్తకమైంది. ఐదేళ్లకి, 1963లో, దాని ఆధారంగా ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలో సినిమా వచ్చింది. సావిత్రి, కృష్ణకుమారి, ఇ.వి. సరోజ, అక్కినేని, శోభన్‌బాబు అందరూ ఉన్నారు, పాటలు ఇప్పటికీ వింటున్నారు. సినిమా పేరు మాత్రం ‘చదువుకున్న అమ్మాయిలు’. ఈ రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, మధ్యలో ఏం జరిగిందో సగం అర్థమవుతుంది. నవల పేరు తన కాలంలో ఇమడని కొందరు మనుషుల గురించి. సినిమా పేరు ఆ రోజుల్లో అందరూ మాట్లాడుకుంటున్న ఒక గుంపు గురించి.

నవల చదివినవాళ్లు మర్చిపోలేని మనిషి ఇందిర. విశాఖపట్నంలో తండ్రితో ఉంటుంది. ఆ తండ్రి ఇంటి బరువు మోసే రకం కాదు, ఉద్యోగం చేసి ఇల్లు నడిపేది ఆమే. తనకి ఏం కావాలో ఆమెకి తెలుసు, తెలిసినదాన్ని దాచుకోదు. మేడ మీద గదిలో ఉండే మెడికల్ స్టూడెంట్ ప్రకాశం ధైర్యం చాలక, పెద్దవాళ్ల మాట విని జారుకుంటే కుప్పకూలిపోదు. కృష్ణమూర్తి ఎలాంటివాడో తెలిసే, కళ్లు తెరుచుకునే అతన్ని పెళ్లి చేసుకుంటుంది. పక్కనే కల్యాణి లాంటి నెమ్మదైన అమ్మాయిని పెట్టి కూడా రచయిత్రి ‘ఈమె మంచిది, ఆమె చెడ్డది’ అని తూకం వేయదు. ఇందిరని శిక్షించదు, వెనకేసుకునీ రాదు. 1950ల్లో ఒక ఆడమనిషి గురించి తెలుగులో ఇలా రాయడం ఎంత పెద్ద పనో ఇప్పుడు చదివినా తెలుస్తుంది. ఆ నవల చదివి సినిమాకి వెళ్లినవాళ్లకి ఇందిర దొరకదు. ప్రేమలు, అపార్థాలు, పాటలు, పెళ్లిళ్లు ఉన్న ఒక చక్కటి వినోదం దొరుకుతుంది. శ్రీదేవి 1961లోనే, ముప్పై రెండేళ్ల వయసుకే చనిపోయారు, ఆ సినిమా చూసే అవకాశమే ఆమెకి రాలేదు.

నవలని సినిమా తీస్తే ఎంతవరకు మార్చవచ్చు అన్న చర్చ ఎప్పుడు వచ్చినా రెండు మాటలు వినిపిస్తాయి. ‘ఉన్నది ఉన్నట్టు తీయాలి’ అనేది ఒకటి. ‘సినిమా వేరు, నవల వేరు, దర్శకుడి ఇష్టం’ అనేది రెండోది. రెండూ పని జరగని మాటలే. మొదటిదాని ప్రకారం చూస్తే ‘చదువుకున్న అమ్మాయిలు’ తప్పు సన్నివేశాలు మార్చడం. అది కాదు తప్పు. రెండోదాని ప్రకారం చూస్తే అసలు తప్పే లేదు. కానీ ఉంది, ఇందిర లేకపోవడమే ఆ తప్పు. పేర్లు, ఊళ్లు, సంఘటనల వరస, చివరికి ముగింపు కూడా మార్చుకోవచ్చు. ఆ నవల ఎవరి పక్కన నిలబడిందో, ఏ విషయంలో రాజీ పడకుండా రాసిందో దాన్ని మాత్రం వదలకూడదు, వదిలేస్తే నవల కొనుక్కోవడం దేనికి, సొంత కథే రాసుకోవచ్చు కదా.

ఉన్నది ఉన్నట్టు ఎందుకు కుదరదో ముందు చూడాలి. మూడు వందల పేజీల నవల తీరిగ్గా చదివితే ఎనిమిది, పది గంటలు పడుతుంది, మధ్యలో పుస్తకం బోర్లించి ఆలోచించుకోవచ్చు, వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. సినిమా రెండున్నర గంటలు, అందులో ఇంటర్వెల్, ఐదారు పాటలు. నవలకి ఇంటర్వెల్ ఉండదు కాబట్టి సరిగ్గా సగంలో ఒక మలుపు కొత్తగా పుట్టించాల్సి వస్తుంది, తెలుగులో చాలా నవలలు సినిమాగా మారినప్పుడు మొదట వంకర పోయేది అక్కడే. ఇంకా కష్టమైనది మనసులో మాట. ‘అతనికి ఎందుకో ఆ రోజు అమ్మ గుర్తొచ్చింది’ అని నవలాకారుడు ఒక్క వాక్యంలో రాసేస్తాడు. కెమెరాకి ‘ఎందుకో’ తీయడం రాదు. ఫ్లాష్‌బ్యాక్ వేస్తే అది ‘ఎందుకో’ కాదు, కారణం అయిపోతుంది. వెనక నుంచి గొంతు వినిపిస్తే పుస్తకం చదివి వినిపించినట్టుంటుంది. దండెం మీద ఆరేసిన పాత చీర దగ్గర అతను ఒక్క క్షణం ఆగితే, ఆ ఆగడం నటుడికి తెలిస్తే, అప్పుడు ఆ వాక్యం తెర మీదకి వచ్చినట్టు. ఆ చీర నవలలో లేదు. అయినా అది నవలకి నమ్మకంగా ఉన్నట్టే.

దీనికి మన దగ్గర అందరికీ తెలిసిన ఉదాహరణే ఉంది. శరత్‌చంద్ర ‘దేవదాసు’ 1917లో అచ్చైంది. చక్రపాణి లాంటివాళ్ల అనువాదాలతో శరత్ తెలుగువాళ్లకి ఎంత దగ్గరయ్యాడంటే ఆయన తెలుగు రచయితే అనుకున్నవాళ్లు కూడా ఉన్నారు. 1953లో వేదాంతం రాఘవయ్య తీసిన సినిమా కథ విషయంలో శరత్‌ని పెద్దగా దాటదు. రాత్రిపూట పార్వతి రావడం, దేవదాసు వెనకాడటం, నుదుటి మీద దెబ్బ, చంద్రముఖి, చివర్లో బండి కట్టించుకుని పార్వతి ఊరికి వెళ్లి ఆ గుమ్మం ముందు ప్రాణం వదలడం, అన్నీ ఉన్నాయి. కానీ తెలుగువాళ్లకి దేవదాసు అనగానే గుర్తొచ్చేది ‘జగమే మాయ’ పాట, అది శరత్ రాసింది కాదు. నవలలో దేవదాసు తన పతనం గురించి తత్వం చెప్పుకునే మనిషి కాదు, తాగుతాడు, జారిపోతాడు, అంతే. మరి ఈ పాట నవలకి ద్రోహమా?

నవల ఆఖరి పేరా చూస్తే జవాబు దొరుకుతుంది. కథ అయిపోయాక శరత్ నేరుగా పాఠకుడితో మాట్లాడతాడు, ఇలాంటి దురదృష్టవంతుడు ఎక్కడైనా తారసపడితే అతని కోసం ప్రార్థించమని అడుగుతాడు. దేవదాసు చేసింది ఒప్పని చెప్పడు, జాలి మాత్రం అడుగుతాడు. తెర మీద అలా బయటికొచ్చి అడగడానికి రచయిత ఉండడు. ఘంటసాల గొంతులో ఆ పాట ఆ పని చేసింది. నవలలో రచయిత చేసిన పనిని సినిమాలో ఎవరికి అప్పగించాలి అన్నది అనుసరణలో అసలు ప్రశ్న, ఆ సినిమా తీసినవాళ్లకి అది తెలిసిందనే అనిపిస్తుంది.

కథ చెప్పే మనిషిని తీసేసినప్పుడు ఏమవుతుందో శ్రీరమణ ‘మిథునం’లో కనిపిస్తుంది. అది నవల కాదు, కథే, కానీ ఈ విషయానికి బాగా పనికొస్తుంది. కథలో అప్పదాసు, బుచ్చిలక్ష్మిల సంసారాన్ని మనకి చూపించేది వాళ్ల ఇంటికి వచ్చిపోయే ఒక మూడో మనిషి. వాళ్ల పోట్లాటలు, పెరడు, వంటలు అన్నీ అతని కళ్లతో చూస్తాం. 2012లో తనికెళ్ల భరణి సినిమా తీసినప్పుడు తెర మీద ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి తప్ప ఇంకో మనిషి ఉండరు. చాలా ధైర్యమైన నిర్ణయం, ఆ ఇద్దరి వల్ల నిలబడింది కూడా. కానీ కథలో ఆ మూడో మనిషి ముందు వాళ్లు ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకోవడంలో ఒక అందం ఉంది, చూసేవాడు ఉన్నప్పుడే వచ్చే అందం అది, సినిమాలో ఆ పని కూడా వాళ్లిద్దరే చేసుకోవాల్సి వచ్చింది. అంతకుముందు 2000లో ఎం.టి. వాసుదేవన్ నాయర్ ఇదే కథని మలయాళంలో ‘ఒరు చెరు పుంచిరి’గా తీశారు. ఆంధ్రా పెరడు కేరళ పెరడైంది, తినే తిండి మారింది, మాట్లాడే భాష మారింది. కథకి ఏమీ కాలేదు, ఎందుకంటే ఆ కథ నిలబడింది పెరడు మీద కాదు, ఒకరు లేకుండా ఇంకొకరు ఎలా అన్న బెంగ మీద.

ఎక్కువ మార్చి కూడా ఎక్కువ నిజంగా ఉండవచ్చు అనడానికి ‘మా భూమి’ని మించింది లేదు. దానికి ఆధారం కృషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’. తెలంగాణ రైతాంగ పోరాటం మీద రాసిన నవల అది. జైల్లో ఉరికి ముందు రాత్రి రాఘవరావు అనే యువకుడు తన బతుకునంతా తలుచుకుంటాడు. కవితాత్మకమైన నవల, రాసినాయన మనసంతా ఆ రైతుల వైపే ఉంది. కానీ ఆయన తెలంగాణ పల్లెలో పుట్టి పెరిగిన మనిషి కాదు, ఆ వాసన నవలలో పలచగానే ఉంటుంది. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలుగా సినిమా తయారై 1980లో విడుదలైనప్పుడు నాయకుడు రామయ్య అయ్యాడు, కథ ఉరికంబం ముందు రాత్రి నుంచి కాకుండా చిన్నప్పటి నుంచి మొదలైంది. దొర గడీ, వెట్టి, ఆ యాస వచ్చి చేరాయి. సుద్దాల హనుమంతు ‘పల్లెటూరి పిల్లగాడా’, యాదగిరి ‘బండెనక బండి కట్టి’ వచ్చాయి, ఈ రెండు పాటలూ ఉర్దూ నవలలో ఎక్కడా లేవు, నవల ఎవరి గురించి రాశారో వాళ్ల మధ్య పుట్టిన పాటలు అవి. దర్శకుడు బెంగాలీ, ఇదే ఆయన మొదటి కథా చిత్రం. ఉర్దూ నవల, బెంగాలీ దర్శకుడు, తెలంగాణ పల్లె, ఈ మూడూ కలిసి అంత సొంతదనం రావడానికి కారణం పుస్తకం చేతిలో పట్టుకుని పుస్తకంలోనే ఆగిపోకుండా, పుస్తకం ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికి వెళ్లి వెతుక్కోవడమే.

దీనికి సరిగ్గా ఎదురుగా ‘గైడ్’ నిలుస్తుంది. ఆర్.కె. నారాయణ్ నవల 1958, విజయ్ ఆనంద్ హిందీ సినిమా 1965. తను ఊహించి రాసిన ఊరు మాల్గుడి పోయి రాజస్థాన్ కోటలు, సరస్సులు వచ్చాయని నారాయణ్ బాధపడ్డారు, ఆ బాధ మీద ఒక వ్యాసం కూడా రాశారు. నిజానికి ఊరు మారడం కన్నా పెద్ద మార్పులు రెండున్నాయి. నవలలో నాట్యమంటే ప్రాణమైన రోజీకి భర్త మార్కో. అతను చెడ్డవాడు కాదు, గుహలు, శిల్పాల ధ్యాసలో పడి భార్య ఉన్నట్టే గమనించని మనిషి. సినిమాలో అతన్ని పరాయి ఆడవాళ్ల దగ్గరికి వెళ్లేవాడిగా చూపించారు, భార్య అతన్ని వదిలి రావడం ప్రేక్షకులకి ఒప్పుగా కనిపించాలి కాబట్టి. అక్కడే రోజీ ఎంపిక చిన్నదైపోయింది. పట్టించుకోని భర్తని తన నాట్యం కోసం వదిలి రావడం ఒకటి, మోసం చేసిన భర్తని వదిలి రావడం ఇంకొకటి. మొదటిదానికి ఎక్కువ ధైర్యం కావాలి, నవల ఆ ధైర్యం గురించే రాసింది. రెండోది ముగింపు. కథానాయకుడైన గైడ్ రాజు దొంగ స్వామిగా మొదలై, వాన కోసం నిజంగానే ఉపవాసం చేస్తూ నవల చివర్లో కొండల్లో వాన పడుతోందని అంటూ ఒరిగిపోతాడు. నిజంగా పడిందో లేదో నారాయణ్ చెప్పరు. సినిమాలో జోరున కురుస్తుంది. వహీదా రెహమాన్ నాట్యం, ఎస్.డి. బర్మన్ పాటలు, ఎన్నిసార్లైనా చూడదగ్గ సినిమా అది, ఆ మాట కాదనేది లేదు. కానీ వాన పడిందా లేదా అని పుస్తకం మూసేశాక కూడా పాఠకుడిని వెంటాడిన ప్రశ్నకి సినిమా జవాబు చెప్పేసింది.

వారపత్రికల నవలల సంగతి కొంచెం వేరు. 1960ల నుంచి ’80ల దాకా సీరియళ్లు రాసినవాళ్లకి ప్రతి వారం చివర పాఠకుడిని ఆపే ఒక ముడి కావాలి, కాబట్టి అవి పుట్టుకతోనే సినిమాకి దగ్గర. యండమూరి నవలల నుంచి ‘అభిలాష’ 1983లో, ‘డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు’ నుంచి ‘ఛాలెంజ్’ 1984లో అంత తేలిగ్గా తెర ఎక్కడానికి అదొక కారణం. యద్దనపూడి నవలలకి మాత్రం ఇంకో చిక్కు వచ్చింది. ‘సెక్రటరీ’లో రాజశేఖరం ప్రతి పాఠకురాలి మనసులో ఒక్కో రూపంలో ఉన్నాడు, ఎన్నో ఏళ్లుగా ఉన్నాడు. 1976లో సినిమా వచ్చేసరికి ఆ రూపాలన్నిటి మీదా యాభై దాటిన అక్కినేని రూపం వచ్చి కూర్చుంది. సినిమా బాగా ఆడింది కూడా. కానీ ‘నేను అనుకున్న రాజశేఖరం ఇతను కాదు’ అన్న పాఠకురాలి బాధ చిన్నది కాదు, దర్శకుడు ఎంత నమ్మకంగా తీసినా తీర్చలేని బాధ అది.

రచయితే దర్శకుడైతే గొడవ తీరుతుందా అంటే అదీ లేదు. వంశీ తన ‘మహల్‌లో కోకిల’ని తనే ‘సితార’గా 1984లో తీస్తే జాతీయ అవార్డు వచ్చింది. యండమూరి 1991లో ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’కి తనే దర్శకత్వం వహిస్తే అనుకున్నంత ఆడలేదు. ఇద్దరికీ నవల మీద సమానమైన హక్కు ఉంది, కథ లోతు ఇద్దరికీ తెలుసు. సినిమా తీయడం మాత్రం వేరే విద్య.

చట్టం ఈ విషయంలో ఏమంటుందో కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే హక్కులు అమ్మేశాక ఇక నోరెత్తకూడదని చాలామంది రచయితలు అనుకుంటారు. 1957 నాటి కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం రచన తనదే అని చెప్పుకునే హక్కు, దాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు, రచయితకి హక్కులు అమ్మిన తర్వాత కూడా ఉంటాయి. హిందీ రచయిత్రి మన్నూ భండారీ ఈ సెక్షన్ పట్టుకునే 1980ల్లో ఢిల్లీ హైకోర్టుకి వెళ్లారు. విడిపోయిన తల్లిదండ్రుల మధ్య నలిగిపోయే పిల్లవాడి మీద ఆమె రాసిన ‘ఆప్ కా బంటీ’ని ‘సమయ్ కీ ధారా’గా తీశారు. నవల చివర బంటీ హాస్టల్‌కి వెళ్తాడు, సినిమాలో చనిపోతాడు. తల్లిదండ్రులు ఇద్దరూ బతికే ఉండగా హాస్టల్ గదిలో ఒంటరిగా మిగిలే పిల్లవాడు చదివేవాళ్లని ప్రశ్నిస్తూనే ఉంటాడు. చనిపోయిన పిల్లవాడి కోసం ప్రేక్షకులు ఏడ్చేసి ఇంటికి వెళ్లిపోతారు. సినిమా కోసం కొన్ని మార్పులు తప్పవని కోర్టు ఒప్పుకుంది, అవి నవలని వేరే వస్తువుగా మార్చేసేలా ఉండకూడదని కూడా చెప్పింది. ఆఖరికి రాజీ కుదిరి, సినిమాలో ఆమె పేరు గానీ నవల పేరు గానీ వాడకూడదని తేలింది. 1994లో ఆ సెక్షన్‌ని సవరించి, రచయిత గౌరవానికి భంగం కలిగించే వికృతీకరణకే ఈ రక్షణ అని కొంచెం బిగించారు. అయినా హక్కు ఉంది. తెలుగు రచయితలు ఒప్పందం మీద సంతకం పెట్టే ముందే ఏవి మార్చవచ్చు, ఏవి మార్చకూడదు, పేరు తెర మీద ఎక్కడ వేయాలి అన్నవి రాయించుకోవడం మంచిది. పేరు వేయడం దగ్గర కూడా పేచీలు పడే చోట ఇది చిన్న విషయం కాదు.

ఈ మధ్య వచ్చినవాటిలో ‘కొండపొలం’ గురించి ఎక్కువ మాట్లాడుకోవాల్సింది, జరగలేదు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల 2019లో అమెరికాలోని తెలుగువాళ్ల సంఘం తానా ఇచ్చే బహుమతి పొందింది. కరువొచ్చి మేత, నీళ్లు లేక కడప జిల్లా గొర్రెల కాపరులు మందలని తోలుకుని నల్లమల కొండల్లోకి పోవడమే కొండపొలం. చదువుకుని ఉద్యోగం రాని రవి వాళ్లతో వెళ్తాడు, ఆ అడవి అతనిలో భయాన్ని పోగొడుతుంది. క్రిష్ 2021లో సినిమా తీస్తూ నవలలో లేని ఓబులమ్మ పాత్రని తెచ్చారు. కథానాయిక లేకుండా ఇంత ఖర్చుతో సినిమా తీయడం కష్టమని ఎవరికైనా తెలుసు, ఓబులమ్మని కూడా గొర్రెలు కాసే అమ్మాయిగానే రాయడం మంచి ఆలోచన. చిక్కంతా పాత్ర వల్ల రాలేదు, సమయం వల్ల వచ్చింది. నవలలో ఆ మనుషులు గొర్రెల గురించి మాట్లాడుకునే తీరు, ఏ గొర్రెకి ఏం జబ్బో చూసి చెప్పడం, నీళ్ల జాడ వెతకడం, రాత్రి మందకి కాపలా, పేజీలకి పేజీలు నిదానంగా సాగుతుంది, భయం పోయేది ఆ నిదానంలోనే. సినిమాలో ప్రేమకి, పాటలకి, పోరాటాలకి చోటు ఇచ్చాక ఆ నిదానానికి చోటు తగ్గింది. పులి ఎదురుపడే సన్నివేశాలు బాగా గుర్తుంటాయి, గొర్రెలు అంతగా గుర్తుండవు. అయినా కడప కాపరుల బతుకు మీద, ఆ యాసలో, రచయిత పేరు గౌరవంగా వేసి ఒక పెద్ద సినిమా రావడం చిన్న సంగతి కాదు. అలాంటివి ఇంకో పది రావాలి.

నిడివి అడ్డమన్న మాట ఇప్పుడు అంత బలంగా చెప్పడానికి లేదు. ఓటీటీలో ఎనిమిది ఎపిసోడ్లంటే ఐదారు గంటలు, ఇంటర్వెల్ ఉండక్కర్లేదు, పాటలు కచ్చితం కాదు. వారం వారం పత్రికలో వచ్చిన నవలకి అంతకంటే దగ్గరైన రూపం సినిమాలో ఎప్పుడూ లేదు. ‘కాలాతీత వ్యక్తులు’ అలా వచ్చిన నవలే. విశాఖలో ఒక ఇల్లు, మేడ మీద ఒక గది, ఐదారుగురు మనుషులు, పెద్ద సెట్టింగులు కూడా అక్కర్లేదు. ప్రకాశం పిరికితనాన్ని ఒక పాటలో తేల్చేయకుండా నెమ్మదిగా చూపించవచ్చు. పెళ్లికి ఒప్పుకునేటప్పుడు ఇందిర ముఖంలో ఏముందో కెమెరా ఆగి చూడవచ్చు. నవల వచ్చి అరవై ఏళ్లు దాటింది, ఇందిర మాత్రం ఇంకా తెర మీదకి రాలేదు.